మలక్‌పేట హ్యాండీకాప్ రేసుల బరువు లెక్క ఎట్ల కట్టాలె?

హన్మకొండ_చౌరస్తా:

అన్నలందరికి నమస్తే. మలక్‌పేట హ్యాండీకాప్ రేసుల (గుర్రం సత్తాను బట్టి మోసే బరువు పెట్టే రేసుల) కార్డు ముందర ఏసుకొని కూసుంటే అంకెలు మస్తుగ కనవడ్తయి గాని, దేనికి ఎంత విలువియ్యాల్నో తెలుస్తలేదు. పందెం పెట్టే ఆలోచన లేదు, కాయితం మీద లెక్క నేర్చుకోవాలె.

ఒక లెక్క అడుగుత. పోయిన రేసు 1200 మీటర్లు. ఎర్ర గుర్రం 54 కిలోలు మోసి, 55 కిలోలు మోసిన నల్ల గుర్రాన్ని రెండున్నర లెంగ్తుల (లెంగ్తంటే ఒక గుర్రం పొడవు) తేడాతోని కొట్టింది. ఇప్పుడు రెండూ మల్ల ఒక్క రేసులనే దిగుతున్నయి. ఈసారి 1400 మీటర్లు, ఎర్రదాని మీద 57.5, నల్లదాని మీద 55. గెలిచింది గదా అని ఎర్రదాన్నే పట్టుకోవాల్నా, బరువెక్కింది గదా అని ఇడిశిపెట్టాల్నా?

ఇంకో రెండు. పేపర్ల వచ్చే పొద్దుగాల ట్రాక్‌వర్క్ (ప్రాక్టీసు ఉరుకుడు) టైములను ఎంతవరకు నమ్మొచ్చు? ఆడ్స్ (గెలిస్తే పెట్టినదానికి ఎంత ఇస్తరో చెప్పే ధర) చూసి గుర్రం ఛాన్సు ఎట్ల తీస్తరు?

పాత_కార్డుల_కట్ట:

తమ్మీ, మొదలు బరువు సంగతి. కార్డు మీద ఉన్న కిలోలు గుర్రం బలాన్ని చెప్పవు, దాని మీద హ్యాండీకాపర్‌కున్న అభిప్రాయాన్ని చెప్తయి. గుర్రాలన్నీ ఒక్కసారే గీత దాటాలె అన్నట్టు బరువులు పంచుడే ఆయన పని. ఇంగ్లండుల 1855ల అడ్మిరల్ రౌస్‌ను పబ్లిక్ హ్యాండీకాపర్‌గ పెట్టిన కాడికెళ్లి ఇప్పటిదాక ఇదే తీరు. ఆ అభిప్రాయం ఏ గుర్రం విషయంల పాతబడ్డదో, ఏ గుర్రం విషయంల తొందరపడ్డదో పట్టుకునుడు మన పని.

మన దేశంల రేటింగు (గుర్రం సత్తాకు హ్యాండీకాపర్ ఇచ్చే అంకె) ఒక్క పాయింటుకు అర కిలో. ఉదాహరణకు 20 నుంచి 45 రేటింగు రేసుల 45 ఉన్న గుర్రం 60 కిలోలు మోస్తే, 33 ఉన్నది 54 మోస్తది. పైన ఉన్న గుర్రం తప్పుకుంటే మిగిలినయన్నిటి బరువులు ఒక్క తీరుగ పైకి జరుపుతరు. అందుకే మొన్న 54, ఇయ్యాల 57.5 అని ఒక్క గుర్రం బరువునే పక్కపక్కన పెట్టి చూస్తే ఏం తెల్వదు. రెండు గుర్రాల నడుమ తేడా ఎంత మారిందో చూడాలె.

నీ లెక్కల మొన్న ఎర్రది నల్లదాని కన్నా కిలో తక్కువ మోసింది. ఇప్పుడు రెండున్నర కిలోలు ఎక్కువ మోస్తది. అంటే తిరుగుడు మూడున్నర కిలోలు. నల్లదాని రేటింగు కదలకుంటే, ఎర్రదానికి ఆ గెలుపు మీద 7 పాయింట్లు పెంచిన్రన్నట్టు.

ఇగ లెంగ్తులను కిలోలల్లకి మార్చాలె. వాడుకల ఉన్న మోటు కొలత ఇది: 1000 మీటర్ల రేసుల ఒక లెంగ్తుకు కిలో 400 గ్రాములు, 1200ల కిలో 150, 1400ల ఒక కిలో, 1600ల 850 నుంచి 900 గ్రాములు, 2000ల 700 లోపు. దూరం పెరిగినకొద్దీ అదే బరువు ఎక్కువ లెంగ్తులు తింటది, గందుకే లెంగ్తుకు కిలోలు తగ్గుతయి. ఇంగ్లండు పౌండ్ల లెక్కలకెళ్లి తీసిన అంకెలివి, గ్రాముల దాక పట్టింపు అక్కర్లేదు.

మార్చేటప్పుడు చానామంది తప్పేది ఒక్కకాడ. పాత తేడాను పాత దూరం కొలతతోనే కిలోలు చెయ్యాలె, కొత్త దూరంతోని కాదు. రెండున్నర లెంగ్తులను కిలో 150తోని గుణిస్తే 2.9 కిలోలు. ఎర్రది చూపించిన ఆధిక్యం అంత. బరువుల తిరుగుడు 3.5. తీసేస్తే నల్లదానికి 0.6 కిలోలు మొగ్గు. దాన్ని 1400 కొలతల పెడితే అర లెంగ్తు మీద కొద్దిగ. అంటే రెండూ సమానమే అనుకో. హ్యాండీకాపర్ తన పని సక్కగనే చేసిండు.

ఈడ దాక వచ్చినంక చానామంది ఆగిపోతరు. ఆగొద్దు, అసలు చూడాల్సింది కార్డుల లేనిదే:

ఎర్రది ఎట్ల గెలిచింది? ఆఖరి వంద మీటర్లల్ల జాకీ చేతులు కదపకుంట వచ్చిండా, కొరడా పట్టి కొట్టుకుంట వచ్చిండా? చేతుల మీద వచ్చిన రెండున్నర లెంగ్తులు నిజానికి నాలుగు కావచ్చు. అప్పుడు పెంచిన 7 పాయింట్లు చాలవు, ఇంకా మిగులున్నది.

నల్లది ఎట్ల ఓడింది? గేటు కాడ జారిందా, మలుపుల వెలుపలికి పోయిందా, సందు దొరకక ఆగిందా? ఇవి వీడియోల కనవడ్తయి, ఫలితాల పట్టికల కనవడవు. మొదలు గెలిచినదాన్ని చూస్కుంట ఒక్కసారి, తర్వాత రెండో గుర్రం మీదనే కన్నుపెట్టి ఇంకోసారి చూడు.

వయసెంత? మూడేండ్ల గుర్రం నెల నెలకు పెరుగుతది, రేటింగు దాని ఎనకాల ఉరుకుతది. ఆరేండ్లదైతే ఉన్నకాడనే ఉంటది, 7 పాయింట్లు దాన్ని నిజంగనే ఆపుతయి. ఒక ముచ్చట యాదుంచుకో, మన దేశంల గుర్రాలన్నిటికి జనవరి 1కే వయసు మారుతది. డిసెంబరుల 'మూడేండ్లు', జనవరిల 'నాలుగేండ్లు' అని ఉంటే గుర్రం ఒక్క నెలల ముసలిదైనట్టు కాదు.

అప్రెంటిస్ (నేర్చుకునే జాకీ) ఎక్కితే బరువుల ఇచ్చే రాయితీ తీసెయ్యాలె. కార్డుల 57.5 ఉండి 2 కిలోల రాయితీ ఉంటే మోసేది 55.5 మాత్రమే. మన లెక్కల నల్లదానికున్న 0.6 మొగ్గు అప్పుడు ఎర్రదానికి 1.4 అయితది. అయితే రాయితీ ఊకెనే ఇయ్యరు, పిల్లగానికి అనుభవం తక్కువ గనుకనే ఇస్తరు. 1000 మీటర్ల రేసుల గేటుకాడికెళ్లి నేరుగ కొట్టుకుంట వచ్చే గుర్రానికైతే ఆ రెండు కిలోలు లాభమే. ఎనకకెళ్లి సందులు చూసుకుంట రావాల్సిన గుర్రానికి పెద్ద జాకీ ఉంటేనే మేలు.

లెక్క ఎక్కడ చెడుతదో కూడ చెప్త. ఎనిమిది లెంగ్తుల కన్న ఎక్కువ తేడాతోని ఓడిన గుర్రం అంకెలను గుణించకు. గెలిచే ఆశ పోయినంక జాకీ ఆపేస్తడు, ఆ 15 లెంగ్తులల్ల సగం ఉత్తవే. ఇంకోటి, రేటింగు లెక్కతోని కనిష్ఠ బరువు కన్న కిందికి పోవాల్సిన గుర్రం కనిష్ఠ బరువే మోస్తది. 48 మోయాల్సింది 50 మోస్తే, పైకి బక్క బరువు కనవడ్తది గాని నిజానికి రెండు కిలోలు మీదేసుకున్నట్టు. 'బరువు తక్కువున్నది, కొడ్తది' అని మోసపోయేది ఈడనే.

క్లాసు (ఏ రేటింగుల నడుమ రేసు అనేది) మారుడు కూడ చూడు. 43 రేటింగున్న గుర్రం 20–45ల పడితే పైబరువు మోస్తది, 40–65ల పడితే అడుగు బరువు మోస్తది. రెంటికీ పేరిచ్చే హక్కున్నప్పుడు ట్రైనర్ ఏది ఎంచుకున్నడో అది కూడ ఒక కబురే.

ఇంకోటి మర్శిపోవద్దు. ఈ లెక్కంతా హ్యాండీకాప్‌కే. డెర్బీలు, టర్మ్స్ రేసులు వేరే జాతి. అండ్ల బరువు రేటింగు మీద ఉండదు. గోల్కొండ డెర్బీల ఆడగుర్రానికి తక్కువ బరువు ఇస్తరు గాని, మగ గుర్రాలన్నీ సమానంగనే మోస్తయి. ఆడ మంచి గుర్రానికి శిక్ష లేదు, నేరుగ మంచిదాన్నే చూసుకోవాలె.

స్టాప్‌వాచ్_కాజీపేట:

టైముల సంగతి నేను చెప్త. గుర్రం ఉరికే వేగంల ఒక్క సెకనుకు ఐదారు లెంగ్తులు పడ్తయి. అంటే లెంగ్తుకు సెకనుల ఆరో వంతు నుంచి ఐదో వంతు. తడి ట్రాకు మీద ఐదుకు దగ్గర, గట్టి ట్రాకు మీద ఆరుకు దగ్గర.

ఏ రోజు టైమును ఆ రోజు టైములతోనే పోల్చాలె. వానాకాలం సీజన్ల మెత్తటి ట్రాకు మీద వచ్చిన 1:14ను చలికాలం 1:12 పక్కన పెట్టి ఇది నయం, అది తక్కువ అంటే అర్థం లేదు. ఒక్క రోజుల రెండు 1200 మీటర్ల రేసులు జరిగితే మంచి అవకాశం. 20–45 రేసు 1:13.2ల అయిపోయి, 40–65 రేసు 1:13.6 తీసుకున్నదనుకో. కింది క్లాసోళ్లు 0.4 సెకన్లు, అంటే రెండు లెంగ్తుల పైన వేగంగ ఉరికిన్రు. కింది రేసుల గెలిచినదాన్ని రాసి పెట్టుకో.

రాసుకున్నంక ఒక్కసారి మొదటి సగం ఎట్ల పోయిందో చూడు. పై రేసుల ముందు నడిచినోడు మెల్లగ లాగితే మొత్తం టైము చెడుతది, గుర్రాలు చెడ్డయి కావు. మెల్లగ నడిచిన రేసుల తేడాలు కూడ నమ్మదగ్గయి కావు, అందరు గుంపుగనే వస్తరు. పెద్ద వేగంతోని పోయిన రేసుల వచ్చిన మూడు లెంగ్తులు, ఉత్త నడకల వచ్చిన మూడు లెంగ్తుల కన్న బరువైనయి.

ముందుండే గుర్రాలు ఎన్నున్నయో లెక్కపెట్టు. ఇది చేతుల ఉన్న కార్డుతోనే అయితది. ప్రతి గుర్రం పక్కకు దాని పోయిన మూడు రేసులల్ల మొదటి 400 మీటర్ల కాడ ఏ స్థానంల ఉన్నదో రాయి. ముందర నడిచేది ఒక్కటే ఉంటే దానికి ఎవరు అడ్డం రారు, దాని ఛాన్సు బరువు లెక్క చెప్పేదాని కన్న ఎక్కువ. మూడుంటే మూడు ఒకదాన్నొకటి తిని, ఆఖరి 200 మీటర్ల కాడ మూడూ కూలబడ్తయి. అప్పుడు ఎనకకెళ్లి వచ్చేదానికి పండుగ.

ట్రాక్‌వర్క్ గురించి అడిగినవ్. '1000 మీటర్లు 1-15, 600/45, మూవ్డ్ ఈజీ' అని ఉంటే, మొత్తం 1000 మీటర్లు 75 సెకన్లల్ల, అందులో ఆఖరి 600 మీటర్లు 45ల పోయింది, గుర్రాన్ని ఒత్తిడి పెట్టలే అని. దాంట్ల అంకె కన్న మాట ముఖ్యం. 'పుష్డ్' అని ఉండి 44 వచ్చుడు కన్న, 'మూవ్డ్ ఈజీ' అని ఉండి 45 వచ్చుడు నాకు ముద్దు. 'ప్లీజ్డ్' అంటే చూసినోనికి నచ్చింది. ఎక్కింది జాకీనా, వర్క్ రైడరా అనేది కూడ చూడు. బరువైన రైడర్ ఎక్కి అదే టైము వస్తే దాని విలువ పెరుగుతది.

ఒక గుర్రం టైమును ఇంకో గుర్రంతోని పోల్చకు, దాని సొంత పాత వర్క్‌తోనే పోల్చు. పొద్దున ఎప్పుడు బద్ధకంగ తిరిగే గుర్రాలు రేసు రోజు లేస్తయి, పొద్దుగాల్నే సింహాలయ్యేటియి మధ్యాహ్నం పిల్లులయితయి. రెండు నెలలు రేసు లేక వచ్చిన గుర్రానికి రెండు మూడు గట్టి వర్కులు కనవడాలె. ఒక్కటే మెత్తటి వర్క్ ఉంటే ఈ రేసు దానికి ఎక్సర్‌సైజు, ఎన్ని కిలోలున్నా ఇడిశిపెట్టు.

గుడ్డిగుర్రం_జనగామ:

పెద్దన్న బరువు కొలతను తప్పువట్టను గాని, అది అందరికి ఒక్క తీరుగ పట్టదు. 500 కిలోల దిట్టమైన గుర్రానికి మూడు కిలోలు పెంచితే లెక్కకే రాదు. చిన్న ఒడ్డు ఆడగుర్రానికి 58 దాటితే అడుగు మారుతది. 58 పైన మోసి ముందు గెలిచిందా లేదా అని కార్డుల చూడుండ్రి. గెలవకుంటే పట్టిక చెప్పిన దానికి ఇంకో అర కిలో కలపాలె.

కార్డుల చిన్న అక్షరాలు కూడ చదువుండ్రి. మొదటిసారి బ్లింకర్లు (కండ్ల పక్కల గంతలు) పెట్టినా, టంగ్ స్ట్రాప్ (నాలుక పట్టీ) కట్టినా పోయిన ఫారాన్ని (పాత రేసుల తీరును) సగమే నమ్మాలె. చూపు పక్కలకు పోయి దృష్టి చెదిరే గుర్రానికి బ్లింకర్లు మొదటిసారి మస్తు పని చేస్తయి. పెట్టి పెట్టి మూడోసారి పెట్టినంక అలవాటైపోతది.

వరంగల్‌ల కూసున్నోళ్లకు ప్యాడాక్ (రేసుకు ముందు గుర్రాలను నడిపించి చూపించే జాగ) కనవడది, ఇది పెద్ద లోటే. ఎనక కాళ్ల నడుమ నురగ, మెడ నిండ చెమట, నడిపించే పిల్లగాన్ని గుంజుకపోవుడు, ఇవి చూస్తే సగం లెక్కలు కొట్టేస్తరు. చూసే అవకాశం లేనోడు తన అంచనాల కొంత వదులు ఉంచుకోవాలె.

లెక్కల_పంతులు_కరీంనగర్:

మూడో ప్రశ్నకు వస్తాను. ఆడ్స్ నుంచి ఛాన్సు తీసే సూత్రం చిన్నదే. 4/1 అంటే రూపాయికి నాలుగు లాభం, అంటే ఐదు భాగాలలో ఒకటి, 20 శాతం. 2/1 అంటే 33.3. 6/4 అంటే 40. సమానం (1/1) అంటే 50. 10/1 అంటే 9.1.

ఎనిమిది గుర్రాల రేసులో బోర్డు మీద 2/1, 3/1, 9/2, 6/1, 7/1, 10/1, 12/1, 20/1 ఉన్నాయనుకోండి. అన్నీ శాతాలుగా మార్చి కూడితే 125 దగ్గర వస్తుంది. అసలు ఛాన్సులు 100 దాటవు కాబట్టి, పైన ఉన్న 25 బుకీది. అన్ని గుర్రాల మీదా సరైన పాళ్లలో 125 పెడితే ఏది గెలిచినా తిరిగి వచ్చేది 100.

పద్ధతి ఏమిటంటే, బోర్డు చూడకముందే మీ శాతాలు మీరు రాసుకోవాలి. చూసి రాస్తే కళ్లు బోర్డు వైపే లాగుతాయి. ఉదాహరణకు 28, 20, 15, 12, 10, 7, 5, 3, మొత్తం సరిగ్గా 100. 28 శాతం గుర్రానికి న్యాయమైన ధర దాదాపు 5/2. బోర్డు మీద 2/1 ఉంటే అది ఎంత మంచి గుర్రమైనా ఆ ధరకు మంచి పందెం కాదు. గెలిచే గుర్రం వేరు, విలువైన ధర వేరు. ఫేవరెట్లు (బోర్డు మీద అన్నిటికన్నా తక్కువ ధర ఉన్నవి) ప్రపంచమంతటా సుమారు మూడో వంతు రేసులు గెలుస్తాయి, అయినా కళ్లు మూసుకుని ఫేవరెట్లనే పట్టుకున్నవాడు నష్టపోతాడు.

ఇప్పుడు పన్ను. ముందు పందెం పూర్తి మొత్తం మీద 28 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం. 100 రూపాయల పందేనికి 40 పన్ను కలిపితే జేబులోంచి పోయేది 140. పైన 28 శాతం గుర్రానికే చూడండి. వంద సార్లలో 28 సార్లు గెలిస్తే పెట్టిన 140 మాత్రమైనా తిరిగి రావాలంటే, గెలిచినప్పుడు 500 రావాలి. అంటే 4/1. పన్ను లేకపోతే 5/2 చాలిన చోట ఇప్పుడు 4/1 కావాలి. ఇంత తేడా బోర్డు మీద అరుదుగా దొరుకుతుంది. పది వేలు దాటిన గెలుపు మీద 30 శాతం కోత వేరు. ఓడిన రేసుల నష్టాన్ని గెలిచిన దాంట్లోంచి తీసేసుకునే వీలు కూడా ఆదాయపు పన్నులో లేదు. కాయితం మీదే లెక్క నేర్చుకుంటానన్నారు, నన్నడిగితే అక్కడే ఉండటం నయం.

చట్టం సంగతి రెండు ముక్కలు. గుర్రప్పందెం నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. ఆ తీర్పు చూపించి ఊళ్లో ఫోను మీద పందేలు పట్టేవాడు తనది చట్టబద్ధమే అంటాడు. కాదు. తెలంగాణ గేమింగ్ చట్టం మినహాయింపు ఇచ్చింది రేసు జరిగే రోజున, అనుమతి ఉన్న ఆవరణలో పెట్టే పందేనికే. వాట్సాప్‌లో 'ఖాయం గుర్రం' అమ్మేవాళ్ల గురించి చెప్పేది ఒకటే, ఖాయం అయితే అమ్ముకోడు.

హన్మకొండ_చౌరస్తా:

మస్తు మాలుమాతు ఇచ్చిన్రు అన్నలు, పంతులు గారు. ఒక్క అనుమానం. ఎనిమిది గుర్రాలకు విడివిడిగ ఛాన్సులు ఏస్తే 35, 30, 20, 15, 12, 10, 6, 3 వస్తయి అనుకోండి. కూడితే 131. దీన్ని 100కు ఎట్ల దించాలె? ఇంకొకటి, క్వినెల్లా, తనాలా పందేల ఛాన్సులు ఈ శాతాలతోనే కట్టొచ్చా?

లెక్కల_పంతులు_కరీంనగర్:

ప్రతి అంకెను 131తో భాగించి 100తో గుణించండి. 35 పోయి 26.7 అవుతుంది, 30 పోయి 22.9, 20 పోయి 15.3, అట్లా కిందికి. అయితే భాగించే ముందు పైన రెండింటిని మళ్లీ ఒకసారి చూడండి. ఎక్కువ అయ్యేది సాధారణంగా అక్కడే. ఒకే కారణాన్ని రెండుసార్లు లెక్కిస్తాం. పోయినసారి సులభంగా గెలిచిందని ఐదు శాతం కలిపి, 'ఫారంలో ఉంది' అని ఇంకో ఐదు కలిపితే అది ఒకే ముచ్చట.

క్వినెల్లా అంటే మొదటి రెండు స్థానాలు ఏ వరుసలోనైనా. 26.7, 22.9 ఉన్న రెండు గుర్రాలకు ఇట్లా కట్టాలి: మొదటిది గెలిచాక మిగిలిన 73.3లో రెండోదాని వాటా 22.9, అంటే 31.2 శాతం. 26.7లో 31.2 శాతం అంటే 8.3. తిప్పి చేస్తే 22.9లో, మిగిలిన 77.1లో 26.7 వాటా, అంటే 34.6 శాతం, వచ్చేది 7.9. కూడితే 16.2. న్యాయమైన ధర 5/1 పైన. టోటులో (అందరి పందెం డబ్బు ఒకచోట కలిపి గెలిచినవాళ్లకు పంచే పద్ధతిలో) ఇది తెరిచి ఉన్నంతసేపు మారుతూనే ఉంటుంది, ఆఖరి నిమిషంలో పడే డబ్బుకు ధర కిందికి జారుతుంది. తనాలా, అంటే మొదటి మూడూ అదే వరుసలో, ఇదే తీరుగా ఇంకో మెట్టు ఎక్కించాలి, కానీ ప్రతి మెట్టుకు మీ అంచనాలోని తప్పు కూడా గుణించబడుతుంది.

పాత_కార్డుల_కట్ట:

పంతులు గారు చెప్పిన క్వినెల్లా లెక్కకు ఒక్కటి కలుపుత. రెండో స్థానానికి వచ్చే గుర్రాలు గెలిచే గుర్రాల తీరుగ ఉండవు. ఎనకకెళ్లి వచ్చి ఎప్పుడు రెండు, మూడు, రెండు అని చేసేటియి కొన్నుంటయి. వాటికి గెలుపు శాతం 10 ఇచ్చినా, రెండో స్థానం వాటాను లెక్క చూపించేదాని కన్న పెంచాలె. కార్డుల పోయిన ఐదు రేసుల ఫలితాల వరుస 2-3-2-4-2 అని ఉంటే, దాన్ని గెలుపుకు కాదు, సెకండ్ హార్స్ పూల్‌కు (రెండో స్థానం మీద పెట్టే పందేనికి) చూసుకో.

నీ ఎర్ర, నల్ల గుర్రాల లెక్కకు వస్తే, వీడియో చూసినంక నల్లదానికి సందు దొరకలేదని తేలితే దానికే మొగ్గు. చూడకుంట అయితే ఆ రేసును ఇడిశిపెట్టు, పక్క రేసుల లెక్క కట్టు.